కొండవీటి పరుసవేది



గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్తూ బోయపాలెం దగ్గర కుడిచేతి పక్కకి చూడండి. స్పిన్నింగు మిల్లుల రేకుల కప్పులు, మిర్చి కోల్డ్ స్టోరేజీల తెల్లగోడలు, వాటి వెనక పత్తి చేలు, ఆ వెనక పొడుగ్గా ఒక కొండల వరస. మాఘ ఫాల్గుణాల్లో అయితే కొండ మొదటి దాకా కల్లాలే. ఆరబోసిన మిరపకాయలతో నేలంతా ఎర్రగా ఉంటుంది. ఆ కొండల మధ్యనే కొండవీడు. ఒకప్పుడు తూర్పు తీరాన్ని ఏలిన రాజధాని. ఇవాళ మాత్రం ఆదివారం పూట కార్లు ఎక్కి దిగే విహారస్థలం.

ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది. పైకి వెళ్లిన వాళ్లు మూడు చెరువులు చూస్తారు, కూలిన బురుజుల మీద నిలబడి ఫొటో దిగుతారు. కింద గోపీనాథస్వామి గుడికి వెళ్తే కత్తుల బావి కథ వింటారు. సామంతులను పిలిచి ఒక్కొక్కరినే లోపలికి పంపి నరికేశారని చెప్పే కథ. ఆ కథ చెప్పడానికి గైడు అక్కర్లేదు, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చూసినవాళ్లు రాళ్లు చూశామంటారు, విన్నవాళ్లు రక్తం విన్నామంటారు. కానీ ఈ నగరం అంత సొగసుగా, అంత ధీమాగా ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు కొండ మీద దొరకదు. దాని కోసం కొండ దిగాలి. కొంత దూరం నడవాలి కూడా. ఈ పావుగంటా ఆ దారినే వెళ్దాం.

ముందు జనం చెప్పుకున్న జవాబు వినండి. కొండవీటి దండకవిలె అని ఒక పాత రాత ఉంది. కంపెనీ అధికారి మెకంజీ దొర కోసం ఊరూరా కైఫీయతులనే గ్రామ వృత్తాంతాలు సేకరించిన రోజుల్లో అది వెలుగులోకి వచ్చింది. కొండవీటిని ఏలిన రెడ్డి రాజుల ఐశ్వర్యానికి అందులో ఒక కథ కనబడుతుంది. వేమయ్య అనే కోమటి దగ్గర ఇనుమును బంగారం చేసే పరుసవేది ఉందట. అది రెడ్ల పూర్వీకుడి చేతికి చిక్కిందట. ఆ వర్తకుడు దాని మూలంగానే ప్రాణం పోగొట్టుకున్నాడట. ఆ పాపం పోవడానికి వంశంలో పిల్లలకు వేముడి పేరు పెట్టుకుంటూ వచ్చారట. అందుకే ఇంతమంది వేమారెడ్లు అని కథకుల ముక్తాయింపు.

చరిత్రకారులు దీన్ని నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. అయినా ఆ కథలో ఒక నిజం దాగి ఉంది. రాజు సంపదకు మూలం ఒక వర్తకుడి దగ్గర ఉందని జనం పసిగట్టారు. ఆ పరుసవేది ఏమిటో రాళ్ల మీదే చెక్కి ఉంది. అయితే అది కొండవీడులో లేదు, దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉంది.

ముందు రాజధాని ఎలా పుట్టిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల సేనానులు ఎవరికి వాళ్లు నిలదొక్కుకుంటున్న ఆ కాలంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం స్థాపించాడు. శ్రీశైలం కొండ ఎక్కడానికి, అహోబిలం ఎక్కడానికి మెట్లు కట్టించింది ఆయనే. మహాభారతం అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూర్తి చేసిన ఎఱ్ఱన ఆయన ఆస్థానంలో ఉండి హరివంశం అంకితమిచ్చాడు. యుద్ధాలు సర్దుమణగకముందే మెట్లు, కావ్యాలు మొదలుపెట్టిన వంశం ఇది. ఆయన కొడుకు అనపోతారెడ్డి 1353లో గద్దెనెక్కాక రాజధానిని అద్దంకి నుంచి కొండవీడుకు మార్చాడు.

ఎందుకు మార్చాడో కొండ ఎక్కితే తెలుస్తుంది. అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున చదునైన నేల మీద ఉంది. కొండవీడుకు చుట్టూ గుట్టలే గోడలు. గుట్టకీ గుట్టకీ నడుమ ఖాళీ ఉన్నచోటే మనిషి గోడ కట్టాల్సి వచ్చింది. చాలాచోట్ల ఆ గోడకు పునాది తీయలేదు. పుట్టుబండ మీదే రాయి పేర్చారు. ఎక్కడ బండ ఆగుతుందో, ఎక్కడ కట్టుబడి మొదలవుతుందో దగ్గరికి వెళ్లి చేత్తో తడిమితే గాని తెలియదు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. కొండ మీద పడిన వాన కిందికి జారిపోకుండా కట్టలు వేసి పట్టుకున్నారు. ముట్టడి నెలల తరబడి సాగినా తాగునీటికి లోటు ఉండకూడదని ఈ ఏర్పాటు.

కింద ఊరికి మాత్రం నీళ్లు అంత తేలిగ్గా దొరికేవి కావు. కొండవీటి చాంతాడు అన్న మాట మనకి ఊతపదం. రేషను షాపు ముందు వరస చూసినా, టీవీ సీరియల్ చూసినా అదే అంటాం. కొండవీటి బావులంత లోతుగా ఉండేవన్న మాట. ఈ నల్లరేగడి నేలకి వానాకాలంలో అడుగు తీసి అడుగు వేయనీయని బురద, ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు. ఇలాంటి చోట రాజధాని పెట్టినవాడికి డబ్బు ఎంత అవసరమో నీళ్లూ అంత అవసరమే. మొదటిది ఎలా వచ్చిందో ముందు చూద్దాం.

చీరాల దాటాక చినగంజాం మండలంలో మోటుపల్లి అనే పల్లె ఉంది. ఇప్పుడు అక్కడ జాలర్ల పడవలు తప్ప ఓడలు లేవు. పాత వీరభద్రస్వామి గుడి ఉంది. కాకతీయుల కాలంలో అది మహారేవు. గణపతిదేవుడు 1244-45లో అక్కడ ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. దాని సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

అప్పట్లో తుఫానుకి ఓడ దారి తప్పి ఏదైనా తీరానికి కొట్టుకొస్తే అందులో సరుకంతా ఆ తీరం రాజుది. పగిలిన ఓడలో మిగిలిన కర్పూరం, ముత్యం, పట్టు ఏదైనా సరే లాగేసుకునేవారు. పాత రాజులు అలా చేసేవారని గణపతిదేవుడే ఆ శాసనంలో చెప్పాడు. ప్రాణం కంటే ధనం ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చిన వర్తకులను అలా దోచుకోవడం తగదని, తనకు న్యాయంగా రావలసిన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నానని రాయించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ముప్పై రూపాయల సరుకు మీద ఒక్క రూపాయి. ఆ తరవాత గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడం, మిరియాలు, వక్కలు అని సరుకుల పేర్లు చెప్పి దేనికెంతో విడివిడిగా చెక్కించాడు. ఏ అధికారి నోటి మాట మీదా ఆధారపడనక్కర్లేకుండా, ఒడ్డుకి దిగినవాడు రాయి చూసి లెక్క కట్టుకోవచ్చు. పరుసవేది అంటే ఇదే శ్రోతలారా. తక్కువ సుంకం, అది కూడా రాతపూర్వకంగా.

ఆ రేవు పేరు యూరప్ దాకా పాకింది. వెనిస్ నగరవాసి మార్కో పోలో 1298లో జెనోవా ఖైదులో కూర్చుని తన ప్రయాణాల కథ చెప్పి రాయించాడు. అందులో ముత్ఫిలి అన్న రాజ్యం గురించి ఒక అధ్యాయం ఉంది. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి. భర్త పోయాక ఒక రాణి న్యాయంగా ఏలుతోందని రుద్రమదేవిని తలపించే మాట అందులో ఉంది. వజ్రాల గురించి ఉంది. ఇక్కడ నేసే సన్నని బట్ట సాలెగూడులా ఉంటుందని, రాజులూ రాణులూ ఎవరైనా దాన్ని కట్టుకోవడానికి సంతోషిస్తారని ఉంది. ఆలోచించండి. పట్టుకీ జలతారుకీ పేరుపడ్డ ఊరివాడు, గోడకి గోడ ఆనుకుని పాలరాతి మేడలున్న ఊరివాడు, ఈ నల్లరేగడి పత్తిని చూసి మెచ్చుకున్నాడు.

వెనిస్ బతుకూ సుంకాల మీదా సుగంధద్రవ్యాల మీదా సాగినదే. ఆ ఊరు ఇవాళ్టికీ నిలిచి ఉంది. అక్కడి వంతెనలు, చర్చీలు, మేడలు చూడటానికి లోకమంతా పోతుంది. పర్యాటకుల గైడు పుస్తకాల్లో ఆ మేడలకి డబ్బు ఏ ఓడలో వచ్చిందో కూడా రాసి ఉంటుంది. మనకి మేడలు మిగల్లేదు. కాని డబ్బు ఏ ఓడలో వచ్చిందో చెప్పే రాళ్లు మిగిలాయి. వాటిని చూసేవాళ్లే లేరు.

కాకతీయులు పోయాక మోటుపల్లి రేవు పాడుబడింది. అనపోతారెడ్డి కొండవీడులో స్థిరపడిన అయిదేళ్లకే, 1358లో, మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. దాన్ని తెలుగుతో పాటు తమిళంలో కూడా చెక్కించాడు. దక్షిణాది నుంచి వచ్చే వర్తకుడు ఎవరినీ అడగకుండా తానే చదువుకోవాలిగదా. ఇక్కడ కాపురం ఉండదలచిన వర్తకులకు ఆదరణ ఉంటుందని, వాళ్ల సరుకును బలవంతంగా లాక్కోబోమని, సుంకాలు తగ్గించామని అందులో హామీ. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజ్యం కలుపుకునే పాత పద్ధతి కూడా అక్కడి వర్తకులకు ఎత్తేశాడు. పరదేశంలో వ్యాపారం చేసుకునేవాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి? రాజధాని కొండెక్కింది, రాజు చూపు మాత్రం సముద్రం మీదే ఉంది.

ఆ రేవులో దిగిన సరుకు చివరికి ఎక్కడ తేలిందో శ్రీనాథుడి హరవిలాసం చెబుతుంది. ఆ కావ్యాన్ని ఆయన రాజుకి అంకితమివ్వలేదు. అవచి తిప్పయ్య శెట్టి అనే వర్తకుడికి ఇచ్చాడు. కుమారగిరిరెడ్డి ఆస్థానానికి సుగంధద్రవ్యాలు అందించే పెద్ద వ్యాపారి ఈ తిప్పయ్య. ఆయన ఓడలు ఏయే చోట్ల నుంచి ఏమేం తెచ్చేవో శ్రీనాథుడు పీఠికలో వరసగా చెబుతాడు. తూర్పు దీవుల కర్పూరం, సింహళం ఏనుగులు, పర్షియా సింధుశాఖ దగ్గరి హురుమంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు. అది స్తోత్రమే, కాదనను. కాని ఆ స్తోత్రం చదువుతుంటే ఓడల సరుకు పట్టీ చదువుతున్నట్టు ఉంటుంది. కవి ఊహించి రాసిన సరుకుల్లో కొన్ని గణపతిదేవుడి సుంకం పట్టీలో కూడా కనబడతాయి మరి.

1386 నుంచి 1402 వరకు ఏలిన కుమారగిరి ఆ కర్పూరాన్ని కోటలో దాచుకోలేదు. ఏటా వసంతోత్సవం చేసి జనం మీద చల్లించాడు. అందుకే ఆయనకి కర్పూర వసంతరాయలు అన్న పేరు నిలిచింది. కస్తూరి, పన్నీరు, గంధం కలిపి చల్లుకుంటూ నాట్యాలు, కవితాగోష్ఠులు జరిపేవారు. ఆయన ఆస్థాన నర్తకి లకుమాదేవి. కుమారగిరి స్వయంగా వసంతరాజీయమనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. అది మనకి దక్కలేదు. ఆయన బావ కాటయవేముడు మాత్రం కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్యానం రాసి దానికి కుమారగిరిరాజీయమని బావమరిది పేరు పెట్టాడు. అభిజ్ఞాన శాకుంతలం చదివే పండితులు ఇప్పటికీ ఆ వ్యాఖ్య తిరగేస్తారు. కత్తి పట్టిన దండనాథుడు కాళిదాసు శ్లోకానికి అర్థం రాస్తూ కూర్చున్న ఊరు ఇది. దాదాపు అయిదువందల యాభై ఏళ్ల తరవాత సి. నారాయణరెడ్డి కర్పూర వసంతరాయలు కావ్యం రాస్తే, అది ఈ రాజూ లకుమల కథే.

కుమారగిరి తరవాత పెదకోమటి వేమారెడ్డి వచ్చాడు. సర్వజ్ఞ చక్రవర్తి అన్న బిరుదు ఊరికే పెట్టుకోలేదు. సాహిత్య చింతామణి, సంగీత చింతామణి, అమరుక శతకానికి శృంగార దీపిక ఆయన పేర ఉన్నాయి. సంస్కృత గద్యంలో ఆయన చరిత్ర రాసిన వామనభట్ట బాణుడు ఆ సభలో వాడే. శ్రీనాథుడు విద్యాధికారి. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే రాజ్యం విద్యాశాఖ పెద్ద. ఎవరి పాండిత్యం ఎంతో తేల్చడం, శాసనాలకు శ్లోకాలు రాయడం ఆయన పని. శృంగార నైషధం ఆయన రాసింది ఆ ఉద్యోగంలో ఉండగానే. దాన్ని అంకితం తీసుకున్నవాడు ఆ రాజు మంత్రి మామిడి సింగన.

ఇప్పుడు నీళ్ల సంగతికి వద్దాం. కొండవీడు నుంచి ఉత్తరంగా వస్తే ఫిరంగిపురం. ఇవాళ ఆ ఊరు పేరు చెప్పగానే బాలయేసు చర్చి, కార్మెల్ మాత తిరునాళ్లు గుర్తుకొస్తాయి. తిరునాళ్లలో రద్దీ చూసినవాళ్లెవరూ ఆ ఊరి పాత శాసనం సంగతి ఎత్తరు. అది 1409 నాటిది. పెదకోమటి వేముడి రాణి సూరాంబ ఒక చెరువు తవ్వించిందని దాని సారాంశం. చెరువు పేరు సంతానసాగరం. ఆ శాసనం కట్టినవాడు శ్రీనాథుడు. చివర తన పేరు, తన విద్యాధికారి పదవి కూడా చెప్పుకుని మరీ ముగించాడు.

చెరువు తవ్వితే సరిపోదు, నిండాలి. నల్లరేగడి పల్లంలో పడే వానకి పెద్ద చెరువు నిండదు. అందుకని ఆరేళ్ల తరవాత, 1415లో, యువరాజు రాచవేముడు ఏటి నీళ్లను మళ్లించి ఆ చెరువుకి కాలువ తవ్వించాడు. రెడ్డిరాజుల బిరుదు మీదుగా దానికి జగనొబ్బగండ కాలువ అని పేరు పెట్టారు. ఆ సంగతి చెప్పే శాసనం పక్కనే ఉన్న అమీనాబాద్‌లో దొరికింది. దానికీ శ్లోకాలు శ్రీనాథుడివే. తల్లి చెరువు, కొడుకు కాలువ, రెండింటికీ ఒకే కవి చేవ్రాలు. నైషధం రాసిన చేత్తోనే ఆయన పొలానికి పారే నీళ్ల లెక్క కూడా రాశాడు. మన సాహిత్య చరిత్ర పుస్తకాలు మొదటిదానికి పేజీలు కేటాయిస్తాయి, రెండోది ఒక వాక్యంలో దాటేస్తాయి. కొండవీటి నాగరికత అంటే నాకు ఆ రెండూ కలిసినదే. మోటుపల్లిలో తీసుకున్న ముప్పయ్యో వంతు తిరిగి తిరిగి ఫిరంగిపురం చేలలో నీరై పారింది.

కథ అక్కడే ఆగితే బాగుండేది. కాలువ తవ్వించిన ఆ రాచవేముడే 1420లో రాజయ్యాడు. అప్పటికి రాజ్యం రెండు ముక్కలైంది. రాజమహేంద్రవరం విడిపోయి దాయాదుల పోరు ముదిరింది. రాచకొండ వెలమలతో వైరం ఒక పక్క, విజయనగరం ఒత్తిడి ఒక పక్క. యుద్ధాలకి ఖర్చు పెరిగింది, ఖజానాకు రాబడి తగ్గింది. అప్పుడు రాచవేముడు పురిటి సుంకం వేశాడని దండకవిలె చెబుతుంది. ఇంట్లో బిడ్డ పుడితే రాజుకి పన్ను కట్టాలి. సవరం ఎల్లయ్య అనేవాడి ఇంట కాన్పు అయితే వసూలుకి వచ్చారట. వాడు కటారుతో రాజునే పొడిచి చంపాడట.

ఇది జరిగిందా అంటే చరిత్రకారులు తలో మాట అంటారు. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించి విజయనగరంలో కలిసిన మాట మాత్రం నిజం. జనం ఆ పతనానికి చెప్పుకున్న కారణం గమనించండి. శత్రువు కోట పగలగొట్టాడు అనలేదు. దేవుడు కోపించాడు అనలేదు. రాజు పన్ను వేయకూడని చోట పన్ను వేశాడు అన్నారు. వంశం మొదట్లో పరుసవేది కథ, చివర్లో పురిటి సుంకం కథ. ఈ రెండు కథల్లో పల్నాడు, గుంటూరు రైతులు ఏ రాజ్యాన్నయినా కొలిచే కొలబద్ద ఉంది. సంతానం లేని వర్తకుడి ఆస్తి ముట్టుకోనన్నవాడి వంశంలోనే, సంతానం కలిగిన కాపు ఇంటికి పన్నుకు వచ్చినవాడు పుట్టాడన్నది ఆ కొలత.

శ్రీనాథుడు ఆ తరవాత చాలాకాలం బతికాడు. విజయనగరంలో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు. రాజమహేంద్రవరం వెళ్లి కాశీఖండం రాశాడు. ముసలితనంలో మాత్రం కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిలో పొలం గుత్తకు తీసుకుని, వరద పంటను ఊడ్చుకుపోతే ఏడువందల టంకాల శిస్తు కట్టలేక నలుగురిలో శిక్ష అనుభవించాడని ఒక చాటుపద్యం చెబుతుంది. అది ఆయనదేనా అన్నది పండితులు తేల్చాలి. కాలువ మీద శ్లోకం రాసినవాడి చేను నీటి పాలవడం, సుంకం శాసనాల రాజ్యంలో అధికారిగా వెలిగినవాడు శిస్తు దగ్గర తలవంచడం, ఇంతకంటే చేదైన కథ తెలుగువాళ్లు మరో కవికి కట్టలేదు.

కొండవీడు మాత్రం రెడ్లతో ముగిసిపోలేదు. 1454లో గజపతులు తీసుకున్నారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కోట పట్టుకుని ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుణ్ణి బందీ చేశాడు. ఆ విజయం తరవాత మన అమరావతి వచ్చి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం చేశాడు. మహామంత్రి సాళువ తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీడు ఏలాడు. ఆయన కూడా గుడి కట్టించి, ప్రబోధచంద్రోదయ నాటకానికి సంస్కృతంలో వ్యాఖ్య రాశాడు. ఈ ఊళ్లో కుర్చీ ఎక్కినవాడు ఏదో ఒక పుస్తకం రాయకుండా దిగలేదు.

ఆ రోజుల నాటిదే 1520 కొండవీటి శాసనం. అంగడికి వచ్చే ఏ సరుకు బస్తాకి ఎంత చెల్లించాలో అందులో పట్టీ ఉంది. సాహిత్యం సంగతి పక్కనపెట్టి సంత సంగతి తెలుసుకోవాలనుకుంటే ఇంతకంటే మంచి రాయి లేదు. జొన్న, ఉప్పు, మామిడికాయ, వంకాయ, పత్తి, నూలు, చింతపండు, ఉల్లి, పసుపు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, అల్లం, బెల్లం, నెయ్యి, ఇనుము. పైతరగతి వాళ్లకి లవంగాలు, జాజికాయ, గంధం. కారానికి మిరియాలు, పిప్పళ్లు.

మళ్లీ ఒకసారి ఆ పట్టీ మనసులో తిరగేయండి. ఒక పేరు లేదు. గుంటూరు మిరపకాయ!

అయిదువందల ఏళ్ల కిందట కొండవీటి అంగట్లో మిరపకాయ అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. అది అమెరికా ఖండపు పంట. లిస్బన్ నుంచి బయల్దేరే పోర్చుగీసు ఓడల పుణ్యమా అని ఆ శతాబ్దంలోనే మన దేశం చేరింది. వెనిస్‌వాడు మన పత్తిని పుస్తకంలోకి ఎక్కించాడు, లిస్బన్‌వాడు మన పొలంలోకి మిరపను దించాడు. ఇవాళ అదే కొండ నీడన, యడ్లపాడు మండలం వంకాయలపాడు దగ్గర స్పైసెస్ పార్కు నడుస్తోంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు ఎత్తి దించే హమాలీ గాని, కల్లంలో తాలుకాయ ఏరే కూలీ గాని, ఈ కాయ మన తాతల నాటిదే అనుకుంటారు. తాతల నాటిదే, కాదనను. శ్రీనాథుడి తాతల నాటిది మాత్రం కాదు. ఆయన పల్నాటి జొన్న సంకటి మీద విసుక్కున్నాడని చెప్పుకుంటాం గాని, పాపం ఆయనకి ఆ సంకట్లోకి పండుమిరప పచ్చడి కూడా దొరకలేదు. సముద్రం మీద నుంచి వచ్చిన కొత్త సరుకును ఇంత సొంతం చేసుకోవడం ఈ నేలకి కొత్త కాదు. కర్పూరంతో మొదలైన అలవాటు అది.

1579లో గోల్కొండ నవాబుల చేతికి చిక్కాక కొండవీడు ముర్తజానగర్ అయింది. తరవాత తరవాత జనం, అంగళ్లు, కచేరీలు ఒక్కొక్కటే గుంటూరుకు దిగిపోయాయి. 1752లో ఫ్రెంచివాళ్లు, 1788లో ఇంగ్లీషువాళ్లు వచ్చేనాటికి కొండ మీద కాపలాకు తప్ప మరో పని మిగల్లేదు. చెంఘిజ్‌ఖాన్‌పేట అని నవాబుల నాటి పేరున్న ఊళ్లో, రెండు చేతుల్లో వెన్నముద్దలు పట్టుకున్న బాలకృష్ణుణ్ణి ఇప్పటికీ కొలుస్తున్నారు. ఆ ఊరి పేరూ ఆ దేవుడి రూపూ ఒకచోట చూస్తే ఈ కొండ కింద ఎందరు ఏలికలు మారారో, పూజలు ఎలా ఆగకుండా సాగాయో అర్థమవుతుంది.

ఇంతకీ ఈ నగరాన్ని ఇవాళ ఎలా చూడాలి? కొండ పల్నాడు జిల్లాలో ఉంది. సంతానసాగరం తవ్విన ఫిరంగిపురం గుంటూరు జిల్లాలో ఉంది. మోటుపల్లి రేవు బాపట్ల జిల్లాలో ఉంది. ఒక్క నగరం వారసత్వం మూడు కలెక్టరేట్ల మధ్య పంపకమైంది. కోట దగ్గర బోర్డు మీద రాజుల పేర్లు, తేదీలు చదివి వచ్చినవాడికి మోటుపల్లి సంగతి తెలియదు. మోటుపల్లి చూసినవాడికి ఆ సుంకం ఎక్కడికి పోయిందో తెలియదు. అందుకే కోట రాళ్లగుట్టలా, రేవు మరో మత్స్యకార పల్లెలా, చెరువు మామూలు ఊరచెరువులా కనబడతాయి. విడిగా చూస్తే మూడూ చిన్నవే. కలిపి చదివితేనే అదొక నగరం.

బడుల్లో పనిచేసే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. పిల్లల్ని విహారయాత్రకు కొండవీడు తీసుకెళ్తే ఆ రోజు పొద్దున మోటుపల్లిలో మొదలుపెట్టండి. ముప్పయ్యో వంతు అంటే ఎంతో అక్కడే లెక్క వేయించండి. లెక్కల పాఠం, చరిత్ర పాఠం రెండూ అయిపోతాయి. మధ్యాహ్నానికి కొండ ఎక్కండి, చెరువు కట్టలు చూపించండి, వాన నీటిని పైన ఎలా ఆపారో అడగండి. సాయంత్రం ఫిరంగిపురం వచ్చి, ఈ ఊరి చెరువు గురించి తెలుగులో అంత గొప్ప కవి రాశాడని చెప్పండి. శ్రీనాథుణ్ణి సీసపద్యంగా కంటే ముందు పొరుగూరి మనిషిగా పరిచయం చేస్తే, పద్యం తరవాత దానంతటదే దగ్గరవుతుంది.

అధికారులకూ ఒక మాట. ఘాట్ రోడ్డు వేశారు, సంతోషం. దానికయిన ఖర్చులో వెయ్యో వంతు చాలు, గణపతిదేవుడి అభయ శాసనానికి, అనపోతారెడ్డి శాసనానికి, సూరాంబ చెరువు శాసనానికి, 1520 సంత పట్టీకి వాడుక తెలుగులో అర్థం రాయించి, ఆ నాలుగు పాఠాలనూ కోట వాకిట్లో ఒకచోట నిలబెట్టడానికి. ఆ రాజులు తమ సుంకం ఎంతో పరదేశి వర్తకుడికి కూడా అర్థమయ్యే భాషలో చెక్కించారు. ఆరువందల ఏళ్ల తరవాత మన పిల్లలకు అర్థమయ్యేట్టు ఒక పలక రాయడం కష్టం కాకూడదు. మార్కెట్ బాగున్న ఏడాది నాలుగు మిర్చి టిక్కీలు అమ్మితే ఒక పలకకు డబ్బు వచ్చేస్తుంది. ఊరివాళ్లు తలుచుకుంటే ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు కూడా.